ఒకే ఒంట్లో రెండు జబ్బులు

(సంఘం వార్షిక కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యాన్ని గూర్చి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగినప్పుడు మేము ముందు వెనకాడాము. మేము డాక్టర్లము కాము. మా ముగ్గురిలో ఒకరు బడిపంతులు, ఒకరు బట్టల దుకాణం నడుపుకుంటున్నారు, చెల్లెలు ఇల్లు, పిల్లలను చూసుకుంటున్నది. ఏ అర్హతతో మాట్లాడగలము అని అడిగితే, "మీ ఇంట్లో జరిగింది జరిగినట్టు చెప్పండి, అదే చాలు" అన్నారు. మా అమ్మీని అడిగాము. "చెప్పండిరా. దాచిపెట్టి మనం బాగుపడిందేముంది!" అన్నది. ఆమె ఇప్పుడు ఆడవాళ్ళ వైపు మూడో వరుసలో కూర్చుని ఉన్నది. మేము ఎక్కడన్నా తప్పు చెబితే అక్కడినుంచే సరిదిద్దుతుంది.

విషయం ఏమంటే, మా అమ్మీకి రెండు జబ్బులున్నాయి. ఒకటి దీర్ఘకాలిక రక్తక్యాన్సరు. రెండోది థైరాయిడ్ జబ్బు. మొదటిదాని పేరు వినగానే అందరూ భయపడతారు. రెండోదాని పేరు విని, "ఓస్, థైరాయిడా! మా ఇంట్లో ఇద్దరికుంది" అంటారు. కాని మా ఇంట్లో అమ్మీని ఎక్కువ కుంగదీసింది ఆ రెండోదే. పెద్ద జబ్బు నీడలో నిలబడిన చిన్న జబ్బును మేమెవ్వరమూ చూడలేకపోయాము. ఆ సంగతి చెప్పటానికే ఇక్కడ నిలబడ్డాము.

2017 సెప్టెంబరులో అమ్మీకి దగ్గు, జ్వరం వచ్చి తగ్గలేదు. అప్పటికి ఆమె వయసు 64. మామూలు రక్తపరీక్ష చేయిస్తే తెల్లకణాలు 48,000 ఉన్నాయన్నారు. మామూలుగా అవి 4,000 నుంచి 11,000 వరకు ఉండాలి. పెద్ద ఊరికి తీసుకువెళ్ళాము. అక్కడ ఫ్లో సైటోమెట్రీ అనే పరీక్ష చేసి, ఇది క్రానిక్ లింఫోసైటిక్ లుకేమియా అని తేల్చారు. క్లుప్తంగా సి.ఎల్.ఎల్. అంటారు.

ఆ రోజు మేము చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? డాక్టరుగారిని పక్కకు పిలిచి, "ఆమెకు మాత్రం చెప్పకండి సార్" అని బతిమాలుకోవటం. "రక్తం కొంచెం పల్చబడింది, మూడు నెలలకొకసారి చూపించుకోవాలి" అని అమ్మీకి చెప్పాము. మంచే చేస్తున్నామనుకున్నాము. ఈ సభలో ఉన్న చాలామంది కూడా తమ ఇళ్ళలో ఇదే చేసి ఉంటారు.

మమ్మల్ని ఇంకా ఆశ్చర్యపరిచిందేమంటే, డాక్టరుగారు మందేమీ రాయలేదు. క్యాన్సరంటారు, మందు లేదంటారు! బంధువులు ఊరుకుంటారా? ఒకరు బొంబాయి తీసుకుపొమ్మన్నారు, ఇంకొకరు వేలూరన్నారు, మరొకరు ఏదో భస్మం తెచ్చి ఇచ్చారు. ఆ డాక్టరుగారు ఓపికగా మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పారు. ఈ జబ్బు చాలామందిలో నత్తనడక నడుస్తుంది. తొలిదశలోనే మందు మొదలుపెట్టినవారికి ఆయుష్షు పెరగలేదని పరిశోధనల్లో తేలింది. కనుక కనిపెట్టి ఉండటమే అప్పటికి వైద్యం. మన జోధ్‌పూర్‌లో పుట్టి అమెరికాలో పనిచేసిన డాక్టర్ కాంతి రాయ్ 1975లో ఈ జబ్బుకు దశలను ఏర్పరచారు. రక్తంలో కణాలు మాత్రమే పెరిగాయా, గడ్డలు కట్టాయా, ప్లీహం ఉబ్బిందా, రక్తం తగ్గిందా, ప్లేట్‌లెట్లు పడిపోయాయా అని చూసి దశ చెబుతారు. నేటికీ ప్రపంచమంతటా డాక్టర్లు ఆ లెక్కను వాడుతున్నారు.

మరి మందు ఎప్పుడు మొదలుపెట్టాలి? దానికీ నియమాలున్నాయి. రక్తహీనత పెరగటం, ప్లేట్‌లెట్లు తగ్గటం, ప్లీహమో గడ్డలో బాగా పెద్దవి కావటం, కణాల లెక్క ఆరు నెలలలోపే రెట్టింపు కావటం, ఆరు నెలల్లో బరువు పదో వంతు తగ్గటం, కారణం లేని జ్వరం రెండు వారాలు పైబడి ఉండటం, రాత్రిళ్ళు పక్క తడిసేలా చెమటలు పట్టటం. వీటితోపాటు ఇంకొకటి ఉన్నది. మనిషి రోజువారీ పనులు చేసుకోలేనంత నీరసం. ఈ చివరిది కాస్త జ్ఞాపకం పెట్టుకోండి. మా కథ మలుపు తిరిగింది అక్కడే.

ఏడాదిన్నర బాగానే గడిచింది. 2019 వచ్చేసరికి అమ్మీ నెమ్మదించింది. తెల్లవారుజామున మా అందరికంటే ముందు లేచే మనిషి పొద్దెక్కినా లేచేది కాదు. మాట బొంగురుపోయింది. జుట్టు రాలింది. చర్మం పొడిబారి గీస్తే తెల్లగా చారలు పడేవి. మలబద్ధకం. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయేది. ఆ సంవత్సరం రంజాను సరిగ్గా మే నెలలో వచ్చింది. మా గుంటూరు జిల్లా మే నెల ఎండ ఎట్లా ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు. ఆ ఎండలో అమ్మీ శాలువా కప్పుకుని కూర్చునేది! ఫాను కట్టేయమనేది. మేము చూశాము. చూసి ఏమనుకున్నాము? "రక్తంలో జబ్బు ముదిరింది" అనుకున్నాము. ఒకరితో ఒకరం అనుకోలేదు గానీ, ముగ్గురమూ అదే అనుకున్నాము.

ఈదుకు రెండు రోజుల ముందు అమ్మీ కోడళ్ళను, కూతురిని పిలిచి తన గాజులు, గొలుసు పంచిపెట్టింది. "ఎందుకమ్మీ ఇప్పుడు?" అంటే, "ఉన్నప్పుడే ఇస్తే నాకూ సంతోషం కదా" అని నవ్వేసింది. మా చెల్లెలు వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది.

పండుగ వెళ్ళాక డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాము. హిమోగ్లోబిన్ 9.8కి పడిపోయింది. నీరసం ఇంతగా ఉన్నదంటే మందు మొదలుపెట్టే సమయం వచ్చిందేమో అన్నారు. మేము డబ్బుల లెక్కలు వేసుకుంటున్నాము. అంతలో అక్కడ శిక్షణలో ఉన్న ఒక చిన్న డాక్టరమ్మ అమ్మీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నది. "పెద్దమ్మా, బరువు తగ్గారా పెరిగారా?" అని అడిగింది. మేము జవాబు చెప్పబోతే, "మీరాగండి, ఆమెనే చెప్పనివ్వండి" అన్నది. అమ్మీ అన్నది: "పెరిగానమ్మా. జాకెట్లు పట్టటం లేదు. తిండి మాత్రం తినటం లేదు."

ఆ మాటతో ఆ అమ్మాయి మొహం మారిపోయింది. రక్తక్యాన్సరు ముదిరితే మనిషి చిక్కిపోవాలి గాని బరువు పెరగటమేమిటి? చెమటలు పట్టాలి గాని చలి వేయటమేమిటి? అమ్మీని మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, మడమ పైన నరం మీద చిన్న రబ్బరు సుత్తితో కొట్టి చూసింది. పాదం చటుక్కున కదిలి వెంటనే వెనక్కి రావాలి. అమ్మీ పాదం కదిలింది గాని, తిరిగి రావటానికి బద్ధకించినట్టు మెల్లగా వచ్చింది. థైరాయిడ్ మందగించినవాళ్ళకు అట్లా అవుతుందట. వెంటనే రక్తపరీక్ష రాశారు. టి.ఎస్.హెచ్. అనేది 4 చుట్టుపక్కల ఆగాలి. అమ్మీకి 68 ఉన్నది!

ఇక్కడ ఆగి ఆ గ్రంథిని గూర్చి మాకు అర్థమైనంతవరకు చెబుతాము. గొంతు ముందు భాగాన, కంఠమణికి కాస్త కిందుగా, రెక్కలు విప్పిన సీతాకోకచిలుక ఆకారంలో థైరాయిడ్ గ్రంథి ఉంటుంది. మనం తినే ఉప్పులోని అయోడిన్‌ను తీసుకుని థైరాక్సిన్ అనే రసాన్ని తయారుచేస్తుంది. శరీరంలో ప్రతి అవయవం ఎంత వేగంగా పనిచేయాలో ఆ రసం చెబుతుంది. గుండె, పేగు, మెదడు, చర్మం, రక్తం పుట్టే మూలుగ, అన్నీ దాని మాట వింటాయి. ఈ గ్రంథికి పైన ఒక మేస్త్రీ ఉన్నాడు. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి ఆ మేస్త్రీ. కూలీ పని తగ్గిస్తే మేస్త్రీ కేకలు వేస్తాడు కదా? ఆ కేకే టి.ఎస్.హెచ్. థైరాయిడ్ ఎంత మందగిస్తే ఆ కేక అంత పెరుగుతుంది. అందుకే ఆ అంకె పెరిగితే జబ్బు తగ్గుదల వైపు ఉన్నదని అర్థం. చాలామంది దీన్ని తలకిందులుగా అనుకుంటారు.

గ్రంథి ఎందుకు మందగించింది? మన శరీరంలో రక్షక కణాలున్నాయి. బయటినుంచి వచ్చే క్రిములతో పోరాడటం వాటి పని. ఒక్కొక్కప్పుడు అవి దారితప్పి సొంత అవయవాన్నే శత్రువనుకుని దాడి చేస్తాయి. దాన్నే ఆటోఇమ్యూన్ జబ్బు అంటారు. 1912లో జపాను దేశంలో హకారు హషిమోటో అనే యువ డాక్టరు నలుగురు స్త్రీల గొంతులోంచి తీసిన థైరాయిడ్ గ్రంథులను సూక్ష్మదర్శినిలో పరీక్షించి, వాటినిండా లింఫోసైట్ కణాలు చేరి ఉన్నాయని రాశాడు. ఆ కణాలు అక్కడికి ఎందుకు చేరాయో అప్పటికి ఎవరికీ తెలియదు. 1956లో లండనులో డెబొరా డోనియాక్, ఇవాన్ రాయిట్ మొదలైనవారు అటువంటి రోగుల రక్తంలో సొంత థైరాయిడ్‌ను ఎదిరించే యాంటీబాడీలు ఉన్నాయని కనుగొన్నారు. ఇప్పుడు టి.పి.ఓ. యాంటీబాడీ అనే పరీక్షతో దాన్ని పట్టుకుంటున్నారు. అమ్మీకి అది కూడా చాలా ఎక్కువగా ఉన్నది.

దాడి ఒక్కొక్కప్పుడు గ్రంథిని మందగింపజేయక రెచ్చగొడుతుంది. అప్పుడు గుండెదడ, బరువు తగ్గటం, చెమటలు, కళ్ళు ముందుకు ఉబకటం కలుగుతాయి. 1835లో డబ్లిను డాక్టరు రాబర్ట్ గ్రేవ్స్ వివరించినందువల్ల దాన్ని గ్రేవ్స్ జబ్బు అంటారు. గొంతు వాపుకూ కళ్ళు ఉబకటానికీ సంబంధమున్నదని అంతకు కొన్ని వందల ఏళ్ళ ముందే, 12వ శతాబ్దంలో, పారశీక వైద్యుడు ఇస్మాయిల్ జుర్జానీ తన గ్రంథంలో రాశాడు. ఈ రకం జబ్బు రక్తక్యాన్సరు రోగికి వస్తే చిక్కు ఇంకోరకంగా ఉంటుంది. బరువు తగ్గటం, చెమటలు పట్టటం చూసి క్యాన్సరు ముదిరిందని భ్రమపడే అవకాశమున్నది.

మరి ఈ రెండు జబ్బులూ ఒకే ఒంట్లో ఎందుకు చేరాయి? ఈ ప్రశ్న మేమూ అడిగాము. డాక్టరుగారు రెండు సంగతులు చెప్పారు.

మొదటిది, కాకతాళీయం. థైరాయిడ్ మందగించటం మన దేశంలో చాలా మామూలు. ఎనిమిది నగరాల్లో చేసి 2013లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, పెద్దవాళ్ళలో సుమారు పదిమందికి ఒకరికి ఈ లోపం కనిపించింది. ఆడవాళ్ళలోనూ వయసు మళ్ళినవారిలోనూ ఇంకా ఎక్కువ. కనుక ఏ జబ్బు ఉన్నవారినైనా వందమందిని పరీక్షిస్తే కొందరిలో థైరాయిడ్ లోపం బయటపడుతుంది.

రెండోది, లోతైన సంబంధం. సి.ఎల్.ఎల్. పుట్టేదే లింఫోసైట్లలో, అంటే ఆ రక్షక కణాలలోనే. ఊరి కావలివాళ్ళనుకోండి. కావలివాళ్ళలో ఒకే కుటుంబం వాళ్ళు పనిచేయకుండా జనాభా మాత్రం పెంచుకుంటూ పోయారు. దానితో ఊరికి కాపలా తగ్గింది. అందుకే ఈ జబ్బున్నవారికి జ్వరాలు, నిమోనియాలు తేలికగా వస్తాయి. మిగిలిన కావలివాళ్ళకు అజమాయిషీ తప్పిపోయి, కొందరు ఊరి ఇళ్ళమీదనే రాళ్ళు వేయటం మొదలుపెట్టారు. అందుకే సి.ఎల్.ఎల్. ఉన్నవారిలో సుమారు వందకు 5 నుంచి 10 మందికి సొంత రక్తకణాల మీదనే దాడి జరుగుతుంది. ఎర్రకణాల మీద జరిగితే మనిషి ఒక్కసారిగా పాలిపోయి, కళ్ళు పచ్చబడి, మూత్రం ముదురురంగులో వస్తుంది. ప్లేట్‌లెట్ల మీద జరిగితే చర్మం మీద ఎర్రటి చుక్కలు, చిగుళ్ళనుంచి రక్తం వస్తాయి. ఇటువంటివి కనబడితే గంటల్లో ఆసుపత్రికి చేరాలి. థైరాయిడ్ మీద దాడి ఇంత తొందర పెట్టదు. మెల్లగా, చప్పుడు లేకుండా జరుగుతుంది. కనుకనే ఎవరూ పట్టించుకోరు.

దీర్ఘకాలిక రక్తక్యాన్సర్లలో ఇంకొక రకం ఉన్నది. క్రానిక్ మైలాయిడ్ లుకేమియా, అంటే సి.ఎం.ఎల్. అక్కడ థైరాయిడ్‌కు మందులతోనూ సంబంధమున్నది. పూర్వం సి.ఎం.ఎల్.కు ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు ఇచ్చేవారు. వాటివల్ల కొందరిలో థైరాయిడ్ మీద ఈ దాడి మొదలయ్యేది. 2001లో ఇమాటినిబ్ మాత్ర అమెరికాలో ఆమోదం పొందాక ఆ జబ్బు తీరే మారిపోయింది. 2013 ఏప్రిల్ 1న మన సుప్రీంకోర్టు ఆ మందు పేటెంటు కేసులో ఇచ్చిన తీర్పు వల్ల మన దేశంలో చౌకరకాలు నిలబడ్డాయి. కాని ఆ కోవకు చెందిన మాత్రలు కూడా కొందరిలో థైరాయిడ్ లెక్కను మార్చుతాయి. థైరాయిడ్ గ్రంథి తీసివేయబడి థైరాక్సిన్ మాత్ర మీద ఉన్నవారికి ఇమాటినిబ్ మొదలుపెడితే థైరాక్సిన్ మోతాదు పెంచవలసి వచ్చినట్టు గమనించారు. కనుక ఆ మాత్రలు వాడేవారు మధ్యమధ్య టి.ఎస్.హెచ్. చూపించుకోవటం మంచిది.

మళ్ళీ మా ఇంటికి వద్దాము. అమ్మీకి థైరాక్సిన్ మాత్ర 25 మైక్రోగ్రాములతో మొదలుపెట్టారు. పెద్దవయసు గనుక, గుండె మీద భారం పడకుండా మెల్లగా పెంచాలన్నారు. ఆరు వారాలకొకసారి పరీక్ష చేసి 50, తరువాత 75 చేశారు. మొదటి నెల ఏ మార్పూ కనిపించలేదు. మేము నిరాశపడ్డాము. మూడో నెలలో ఒక తెల్లవారుజామున వంటింట్లో గిన్నెల చప్పుడు వినిపించింది. లేచి చూస్తే అమ్మీ చాయ్ కాస్తున్నది. "ఏం, ఇంకా పడుకున్నారు? తెల్లారిపోయింది" అన్నది. డిసెంబరు నాటికి టి.ఎస్.హెచ్. 4.1కి దిగింది. హిమోగ్లోబిన్ 11.6కి ఎక్కింది. తెల్లకణాలు మాత్రం 56,000 దగ్గరే ఉన్నాయి.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. థైరాయిడ్ మాత్ర రక్తక్యాన్సరుకు మందు కాదు. అమ్మీ క్యాన్సరు ఎక్కడిదక్కడే ఉన్నది. కాని నీరసాన్ని బట్టి ఆ రోజే క్యాన్సరు మందు మొదలుపెట్టి ఉంటే ఏమయ్యేది? ఆ మందు బరువు మోసేది, ఖర్చు మోసేవాళ్ళము, నీరసం మాత్రం అట్లాగే ఉండేది. మందు పనిచేయటం లేదని ఇంకో మందు పెట్టేవారు. ఒక్క చిన్న పరీక్ష మూలాన అమ్మీకి నాలుగేళ్ళు క్యాన్సరు మందు అవసరం లేకుండా గడిచింది. 2023లో ప్లీహం పెరిగి, ప్లేట్‌లెట్లు తగ్గాక నిజంగా మందు అవసరమైంది. ఇప్పుడు రోజూ మింగే మాత్రలు వచ్చాయి. అటువంటి మాత్ర మీదే ఉన్నది. ఆ మాత్ర వల్ల కొందరికి గుండె లయ తప్పవచ్చు. థైరాక్సిన్ ఎక్కువైనా గుండె లయ తప్పవచ్చు. అందుకని ఇద్దరు డాక్టర్లకూ రెండు మందుల చీటీలూ చూపిస్తాము. ఒకరికి తెలియకుండా ఒకరి మందు వాడము.

ఇక మా తప్పు సంగతి. నయమైన తరువాత ఒకరోజు మేము ముగ్గురమూ కూర్చుని అమ్మీకి ఉన్నదున్నట్టు చెప్పాలనుకున్నాము. నోరు తెరవకముందే అమ్మీ అన్నది: "క్యాన్సరనేగా? మొదటిరోజే తెలుసు నాకు. గుమ్మం మీద తెలుగులో రాసుందిగా, నాకు చదువు రాదనుకున్నారా?" మాకు మాట రాలేదు. "మరి ఒంట్లో ఇంత బాధగా ఉన్నప్పుడు మాకెందుకు చెప్పలేదమ్మీ?" అని అడిగాము. "మీరు నాకు చెప్పలేదు, నేను మీకు చెప్పలేదు. చెబితే మీరు భయపడతారని" అన్నది.

ఆలోచించండి. ఆమెను బాధపెట్టకూడదని మేము దాచాము. మమ్మల్ని బాధపెట్టకూడదని ఆమె దాచింది. మధ్యలో జబ్బు దాక్కున్నది. ఆమె బరువు పెరుగుతున్నదన్న ఒక్క ముక్క ఆర్నెల్లు ముందు డాక్టరు చెవిన పడి ఉంటే ఆ రంజాను నెలంతా ఆమె చావుకోసం ఎదురుచూస్తూ కూర్చునేది కాదు. కనుక రోగి తెలివిలో ఉన్న పెద్దమనిషి అయితే, ఎంత తెలుసుకోవాలనుకుంటున్నాడో అతన్నే అడగండి. డాక్టరు ముందు రోగినే మాట్లాడనివ్వండి. మేము మాట్లాడితే మా భయం మాట్లాడుతుంది, ఆమె ఒళ్ళు మాట్లాడదు.

మా చెల్లెలు కూడా ఆ తరువాత పరీక్ష చేయించుకుంటే తనకూ థైరాయిడ్ లోపమున్నదని తేలింది. ఈ దాడి గుణం కుటుంబాల్లో కనబడుతుంది గనుక తల్లికి ఉంటే కూతుళ్ళు చూపించుకోవటం మంచిది. చెల్లెలికి ఎదిగిన కూతురున్నది. "పిల్ల పెళ్ళయ్యేదాకా ఎవరికీ చెప్పకండి" అని మా వాళ్ళే కొందరు సలహా ఇచ్చారు. అందుకనే ఈ వేదిక మీద చెబుతున్నాము. థైరాయిడ్ అంటువ్యాధి కాదు, కళంకం కాదు. మాత్ర వేసుకునే ఆడపిల్ల చదువుకుంటుంది, కాపురం చేస్తుంది, బిడ్డలను కంటుంది. దాచి, మాత్ర మానేసిన కోడలికే ప్రమాదం. గర్భం వచ్చిన తొలినెలల్లో బిడ్డ మెదడు ఎదగటానికి తల్లి థైరాక్సినే ఆధారం. ఆ సమయంలో మోతాదు పెంచవలసి ఉంటుంది. అత్తింటివారికి తెలియనప్పుడు ఆ పిల్ల మాత్ర ఎక్కడ దాచుకుంటుంది, ఎప్పుడు వేసుకుంటుంది? రక్తక్యాన్సరు కూడా అంటేది కాదు. దగ్గరి రక్తసంబంధీకులకు సి.ఎల్.ఎల్. వచ్చే అవకాశం మిగతావారికంటే కొన్ని రెట్లు ఎక్కువే అయినా, అది మొత్తంమీద చాలా తక్కువ. దానికి అందరూ పరీక్షలు చేయించుకోనక్కరలేదన్నారు.

చివరగా, మేము నేర్చుకున్న కొన్ని జాగ్రత్తలు.

థైరాక్సిన్ మాత్ర పరగడుపున మంచినీళ్ళతో వేసుకోవాలి. అరగంటనుంచి గంటవరకు చాయ్, కాఫీ, టిఫిను ఏవీ వద్దు. కాల్షియం, ఐరన్ మాత్రలు నాలుగు గంటల తేడాతో వేసుకోవాలి. అమ్మీకి రక్తం తక్కువని ఐరన్ మాత్ర, ఎముకలకని కాల్షియం మాత్ర అన్నీ ఒకేసారి ఇచ్చి కొన్నాళ్ళు మేమే మాత్రను పాడుచేశాము. జుట్టుకోసం వాడే బయోటిన్ మాత్రలు థైరాయిడ్ పరీక్షను తప్పుదారి పట్టిస్తాయి. పరీక్షకు రెండు రోజుల ముందు ఆపి, ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. బాగున్నది కదా అని థైరాక్సిన్ మాత్రను మాత్రం సొంతంగా ఆపకూడదు. అయోడిన్ ఉప్పు మామూలుగా వాడుకోండి. కాని అదనపు అయోడిన్‌తో ఈ ఆటోఇమ్యూన్ జబ్బు పోదు, ఎక్కువైతే చెరుపు కూడా.

రంజానులో ఏంచేయాలని చాలామంది అడుగుతున్నారు. సహరీకి లేవగానే మాత్ర వేసుకుని, అరగంటో గంటో ఆగి తినవచ్చు. లేదా రాత్రి చివరిసారి తిన్న మూడు గంటల తరువాత, పడుకునే ముందు వేసుకోవచ్చు. ఈ మందు సగం తగ్గటానికే ఒంట్లో వారం రోజులు పడుతుంది గనుక వేళ కొన్ని గంటలు మారితే నష్టం లేదు. నెలంతా ఒకే వేళ పాటించటం ముఖ్యం. రక్తక్యాన్సరుకు మందు తీసుకుంటున్నవారు మాత్రం ఉపవాసం సంగతి డాక్టరును అడిగే నిర్ణయించుకోవాలి. రోగికి మినహాయింపు ఉన్నదని మనందరికీ తెలిసిందే.

గొంతులో గడ్డ కనబడితే అద్దం ముందు నిలబడి గుటక వేయండి. గుటకతోపాటు పైకి కిందికి కదిలేది సాధారణంగా థైరాయిడ్. మెడ పక్కల, చంకల్లో, గజ్జల్లో తగిలేవి లింఫు గడ్డలు కావచ్చు. ఏదైనా చూపించుకోవలసిందే. థైరాయిడ్ వాపు కొద్ది వారాల్లోనే గబగబా పెరిగితే అసలు ఆలస్యం చేయకూడదు.

సి.ఎల్.ఎల్. ఉన్నవారికి జ్వరం వస్తే ఇంట్లో మాత్రలు వేసి చూస్తూ కూర్చోవద్దు. ఫ్లూ, నిమోనియా టీకాలు డాక్టరు సలహాతో వేయించండి. బతికున్న క్రిములతో చేసిన టీకాలు మాత్రం వారికి పనికిరావు. హజ్‌కు, ఉమ్రాకు వెళ్ళదలచినవారు చాలా ముందుగానే టీకాల సంగతి తమ డాక్టరుతో మాట్లాడుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటున్నది. పెద్ద జబ్బు ఉన్నంత మాత్రాన ప్రతి బాధనూ దాని ఖాతాలోనే రాయకండి. "ఈ నీరసానికి ఇంకేదైనా కారణముందేమో చూస్తారా?" అని డాక్టరును ఒక్కసారి అడగండి. అడగటం తప్పు కాదు. అడగకపోవటం మాకు ఒక రంజాను నెలంత దుఃఖం తెచ్చిపెట్టింది.

అమ్మీ పంచిన గాజులు సంగతి అడుగుతారేమో. కోడళ్ళు తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు. "ఇచ్చింది ఇచ్చిందే. నేను బతికినందుకు కొత్తవి చేయించండి" అన్నది. చేయించాము. ఈరోజు వేసుకునే వచ్చింది.